రిపోర్టు ఎవరికి ఇచ్చారు?

ఒక బిడ్డ గొంతులో బూడిదరంగు పొర కనిపించి, అది కంఠసర్పి, అనగా డిఫ్తీరియా, కావచ్చునన్న అనుమానం కలిగిన క్షణంలోనే వైద్యుడికి రెండు బాధ్యతలు ఏర్పడతాయి. మొదటిది ఆ బిడ్డ పట్ల: ప్రతివిషం దొరికే ఆస్పత్రికి క్షణం జాప్యం లేకుండా పంపడం. రెండవది ఆ బిడ్డ నివసించే గల్లీ పట్ల: ఆ రోజే ప్రజారోగ్య అధికారులకు సమాచారం అందించడం. మొదటి బాధ్యతను విస్మరించే వైద్యులు మన నగరంలో తక్కువ. రెండవ బాధ్యత ఒకటుందని ఎరిగినవారే తక్కువ. ఎరిగీ నెరవేర్చేవారు మరీ తక్కువ. ఈ వ్యాసం ఆ రెండవ బాధ్యత గురించి. చదువుతున్న మీరు వైద్యులు కాకపోవచ్చు. కాని ఆ గల్లీ మీది.

కంఠసర్పి పాతకాలపు జబ్బు కదా, ఇప్పుడెక్కడుంది అని మీరు అడగవచ్చు. విద్యావంతులైన మిత్రులే నన్ను ఈ ప్రశ్న అడుగుతుంటారు. హైదరాబాదు దానికి సమాధానం. 2003 నుండి 2006 వరకు ఈ నగరంలో నమోదైన డిఫ్తీరియా కేసులను పరిశీలించిన ఒక అధ్యయనం 2008లో ‘ఎమర్జింగ్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్’ అనే అంతర్జాతీయ వైద్య పత్రికలో వెలువడింది. దాని శీర్షికే హైదరాబాదులో డిఫ్తీరియా తిష్ఠ వేసుకుని ఉన్నదని చెప్పింది. వ్యాధి 5 నుండి 19 ఏళ్ల మధ్య వయసు వారిలోను, స్త్రీలలోను, ముస్లిములలోను ఎక్కువగా ఉందని, నాలుగు లేక అంతకు మించి మోతాదులు పొందిన వారిని టీకా చక్కగా కాపాడిందని, అయితే బూస్టర్ మోతాదులు అందినవారు తక్కువని, ముస్లిములలో ఇంకా తక్కువని అందులో తేలింది. ఈ మాటను వక్రీకరించేవారు ఉంటారు గనుక స్పష్టంగా చెబుతున్నాను. సూక్ష్మక్రిమి మతం చూడదు. బూస్టర్ చేరని ఇల్లు ఏదైతే అదే దానికి తెరిచిన తలుపు.

ఒకటిన్నర ఏడాదికి ఒకటి, ఐదారేళ్లకు ఒకటి, పదేళ్లకు, పదహారేళ్లకు ఒక్కొక్కటి టీకా వేయించాలని ఎంతమంది తల్లిదండ్రులకు గుర్తుంటుంది? పసితనంలో వేసిన మూడు మోతాదులతో పని ముగిసిందనుకునేవారే అధికం. కాని ఇక్కడ నా ప్రశ్న వేరు. ఆ అధ్యయనం సాధ్యమైనదే కొందరు ఎక్కడో కేసులను నమోదు చేశారు గనుక. నమోదు కానివి ఎన్నో లెక్కించే మార్గం ఏ పరిశోధకుడికీ లేదు.

ఈ వ్యాధి ఎంత వేగంగా కదులుతుందో గమనించండి. క్రిమి గొంతులో చేరిన తరువాత సాధారణంగా రెండు నుండి ఐదు రోజులలో లక్షణాలు బయటపడతాయి. అంటే మొదటి బిడ్డను వైద్యుడు చూసేసరికే అక్కచెల్లెళ్లు, పక్కింటి పిల్లలు, బడిలో పక్క బెంచీవారు ఆ వరుసలో నిలబడి ఉంటారు. సమాచారం అందితే ఆరోగ్య సిబ్బంది ఆ ఇంటికి వెళ్లి, సన్నిహితుల గొంతు నమూనాలు తీసి, ఎరిత్రోమైసిన్ వంటి మాత్రలు ఇచ్చి, టీకా లోటు ఉన్నవారికి వెంటనే వేస్తారు. ఇవేవీ గొప్ప వైద్యాలు కావు. ఖరీదైనవీ కావు. ఐదు రోజుల లోపల జరిగితే బిడ్డలు బతుకుతారు. పది రోజులకు జరిగితే అది ఫైలు కోసం జరిగినట్లు.

నేను సర్వీసులో ఉన్న కాలంలో చూసిన ఒక విషాదం చెబుతాను. సంస్థల పేర్లు చెప్పను. పాతబస్తీలోని ఒక ఇరుకు గల్లీ నుండి తొమ్మిదేళ్ల పాపను తీసుకువచ్చారు. మెడ రెండు వైపులా వాచి, గొంతు బిగిసిపోయి ఉంది. అంతకు ముందు గల్లీ చివరి క్లినిక్కులో ‘టాన్సిల్స్’ అని రెండు రోజులు సూదిమందు వేశారు. తరువాత ఒక నర్సింగ్ హోమ్‌లో అనుమానించి గొంతు నమూనా ప్రయోగశాలకు పంపారు. తండ్రి ఆ ఫలితం కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టి నా చేతికిచ్చాడు. క్రిమి పేరు అందులో స్పష్టంగా టైపు చేసి ఉంది. తేదీ రెండు రోజుల నాటిది. ఆ రెండు రోజులలోనే ఆమె తమ్ముడికి జ్వరం మొదలైంది. మరుసటి వారం అదే గల్లీ నుండి మరొక బిడ్డ వచ్చింది. నేను ఆ ప్రయోగశాలకు ఫోను చేసి, దీన్ని ఎవరికి తెలియజేశారని అడిగాను. అవతలి వ్యక్తి మర్యాదగానే, కొంత ఆశ్చర్యంగానే బదులిచ్చాడు: “రిపోర్టు ఇచ్చాం కదా సార్, పేషెంటు తాలూకు వాళ్లకి.”

అతని మాటలో అబద్ధం లేదు. రిపోర్టు ఇవ్వడమంటే రోగి చేతిలో కాగితం పెట్టడమనే అతనికి తెలుసు. రిపోర్టు చేయడమనే మరొక అర్థం ఆ మాటకు ఉన్నదని అతనికి ఎవరూ చెప్పలేదు. అక్షరాలు చదవడం కూడా సరిగా రాని ఒక తండ్రి నగరం మొత్తానికి చేరవలసిన హెచ్చరికను ప్లాస్టిక్ కవరులో మోసుకుంటూ తిరిగాడు. తమ్ముడు కోలుకున్నాడు. పాప రెండవ వారంలో గుండె కండరం దెబ్బతిని మరణించింది. విషం గుండెను పట్టడం ఈ వ్యాధి స్వభావం, ఆలస్యం దానికి తోడు.

సమాచారం ఇవ్వవలసిన విధి నిన్నమొన్న పుట్టినది కాదు. అంటువ్యాధుల చట్టం 1897 నాటిది. సికిందరాబాదు సమీపంలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నదీ ఆ సంవత్సరమే, ఆగస్టు 20న. ఆయన పేరు పెట్టుకున్న నల్లకుంట జ్వరాల ఆస్పత్రిని మన ప్రజలు నేటికీ ‘కోరంటి దవాఖాన’ అంటారు. క్వారంటైన్ అనే పదం మన నాలుకల మీద అరిగి అలా మిగిలింది. చార్మినారునే ప్లేగు శాంతించినందుకు గుర్తుగా కట్టారని చెప్పుకునే నగరమిది. చరిత్రకారులందరూ ఆ కథను ఒప్పుకోరు, అది వేరే సంగతి. అంటువ్యాధుల జ్ఞాపకం ఇంతగా ఇంకిన ఊరిలో, అంటువ్యాధిని చూసిన మనిషి ఎవరికి చెప్పాలో తెలియకపోవడం వింత.

వైద్యుల వృత్తి ధర్మాన్ని నిర్దేశించే 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు ఈ విషయంలో సందేహానికి తావివ్వవు. తన చికిత్సలో ఉన్న ప్రతి అంటువ్యాధి కేసును ప్రజారోగ్య అధికారులకు తెలియజేయాలని అవి చెబుతాయి. రోగి రహస్యాన్ని కాపాడాలన్న నియమానికి ఇచ్చిన మినహాయింపులలోనూ ఇది ఒకటి. క్షయను కేంద్ర ప్రభుత్వం 2012 మే 7న తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. 2018 మార్చిలో ఆ విధిని ప్రయోగశాలలకు, మందుల దుకాణాలకు కూడా స్పష్టంగా విస్తరించి, ఉల్లంఘించినవారు భారతీయ శిక్షాస్మృతి 269, 270 సెక్షన్ల కింద శిక్షార్హులు కావచ్చునని హెచ్చరించింది. ఇప్పుడు ఆ సెక్షన్ల స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 271, 272 వచ్చాయి. 2004లో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైంది. క్షేత్ర సిబ్బందికి ఒక ఫారం, వైద్యులకు ఒక ఫారం, ప్రయోగశాలలకు ఒక ఫారం. 2021 ఏప్రిల్‌లో అది దేశమంతటా కంప్యూటరులోకి మారి, గమనించవలసిన వ్యాధులు 18 నుండి 33కు పెరిగాయి.

చట్టముంది. ఫారముంది. పోర్టలుంది. మరి లోపం ఎక్కడ?

మొదట మా వృత్తినే అడుగుతాను. వైద్య విద్యార్థికి సామాజిక వైద్యశాస్త్రం పరీక్షకు ముందు వారం చదివే పాఠం. తెలియజేయవలసిన వ్యాధుల జాబితాను అతడు కంఠస్థం చేసి రాసేస్తాడు. అదే విద్యార్థి హౌస్ సర్జన్ అయ్యాక, ‘ఈ బిడ్డకు కంఠసర్పి అని అనుమానం, ఏ నంబరుకు ఫోను చేస్తావు?’ అని అడగండి. జాబితా చెప్పగలడు, నంబరు చెప్పలేడు. నర్సుల సంగతి చెప్పనే అక్కరలేదు. వార్డులో రోగిని మొదట చూసేది ఆమె, చివర చూసేది ఆమె, కాని ‘అది డాక్టరు గారి పని’ అనే గీత ఆమె చుట్టూ గీశాం. ప్రయోగశాల నిపుణుడి చుట్టూ మరో గీత. మందుల దుకాణంవారు క్షయ మందులు అమ్మినప్పుడు రోగి, వైద్యుడి వివరాలను ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలని షెడ్యూల్ హెచ్1 నియమం 2014 మార్చి నుండి అమలులో ఉంది. మీ వీధి దుకాణంలో ఆ రిజిస్టరు చూపించమని అడిగి చూడండి.

నిర్ధారణ కావాలి కదా అంటారు కొందరు. అక్కరలేదు. నిఘా వ్యవస్థ కోరేది అనుమానాన్ని. నిర్ధారించడం దాని పని. పొగ కనిపించినప్పుడు ఫైరింజనుకు ఫోను చేస్తాం, నిప్పు ఎంత వేడిగా ఉందో కొలిచి కాదు.

‘నా దగ్గరికి వచ్చింది ఒక్క కేసే, దానికింత హడావుడి ఎందుకు?’ అనే ప్రశ్న ఇంకా ప్రమాదకరమైనది. ఒక గల్లీలో మంచినీటి గొట్టంలోకి మురుగు కలిసిందనుకోండి. మొదటి రోజు ముగ్గురికి వాంతులు, విరేచనాలు. ఒకరు గల్లీ క్లినిక్కుకు వెళతారు, ఒకరు బస్తీ దవాఖానాకు, ఒకరు చార్మినారు దగ్గరి నిజామియా యునానీ ఆస్పత్రికి. ప్రతి వైద్యుడికీ కనిపించేది ఒక్క రోగే. ముగ్గురినీ కలిపి చూసే కన్ను ఒక్కటే, అది రిజిస్టరు. 1854లో లండనులో జాన్ స్నో కలరాకు మూలమైన నీటి పంపును గుర్తించగలిగాడంటే, మరణాలను చిరునామాలతో సహా నమోదు చేసే కార్యాలయం ఒకటి ఉండబట్టే. మన నగరంలో 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత నీరు ప్రాణాలు తీసింది, వందలాది మందిని ఆస్పత్రుల పాలు చేసింది. అటువంటి ప్రతి ఘటనకూ ఒక మొదటి రోజు ఉంటుంది. ఆ మొదటి రోజు కేసులను ఎవరో ఒక వైద్యుడు చూసే ఉంటాడు.

‘తీరిక లేదు’ అన్న సాకును నేను ఎంతమాత్రం నమ్మను. 2021లో బ్లాక్ ఫంగస్ వ్యాపించినప్పుడు ఏమి జరిగిందో గుర్తు చేసుకోండి. మే 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. ఆంఫోటెరిసిన్ మందుకు విపరీతమైన కొరత. మందు కావాలంటే రోగి వివరాలతో దరఖాస్తు పెట్టాలి. అంతవరకు ఏ ఫారమూ నింపని ఆస్పత్రులు రాత్రికి రాత్రి నింపడం నేర్చుకున్నాయి. ఆ కొద్ది వారాలలో తీరిక ఎక్కడి నుండి వచ్చింది? సమాచారం ఇస్తే తిరిగి ఏదో వస్తుందని తెలిసినప్పుడు మనిషి ఇస్తాడు. గోడకు చెప్పినట్లుంటే మానేస్తాడు. ఈ మాట దగ్గర ప్రభుత్వ శాఖను కూడా బోనులో నిలబెట్టక తప్పదు.

గల్లీలోని వైద్యుడు ఒక కేసు తెలియజేశాడనుకుందాం. తరువాత అతనికి ఏమి తెలుస్తుంది? సిబ్బంది ఆ ఇంటికి వెళ్లారా? నమూనా ఫలితమేమిటి? సన్నిహితులకు మందులిచ్చారా? బదులుగా ఒక్క వాక్యమూ రాదు. రెండు మూడుసార్లు ఇలా జరిగాక అతడు మానేస్తే నేను అతన్ని సమర్థించను, కాని అర్థం చేసుకోగలను. సమాచారం తీసుకునేవారు సమాధానం చెప్పాలన్న నియమాన్ని ఏ ఉత్తర్వులోనూ ఎందుకు రాయలేదు? జైలు సెక్షన్లు రాయడానికి సిరా దొరికింది.

ఆ జైలు బెదిరింపు మీద నాకు గౌరవం లేదు. పాతబస్తీ వైద్యమంటే పెద్దాస్పత్రులే కాదు. డిగ్రీ లేని ఆర్.ఎం.పీ.లు, హకీములు, కాంపౌండరుగా పనిచేసి క్లినిక్కు పెట్టుకున్నవారు, పచారీ కొట్టులాంటి మందుల దుకాణాలు. తలాబ్‌కట్టలో, యాకుత్‌పురాలో, కిషన్‌బాగ్‌లో జ్వరం వచ్చిన మనిషి ముందు గడప తొక్కేది వీరిదే. డిగ్రీ లేనివారు వైద్యం చేయడాన్ని నేను జీవితమంతా వ్యతిరేకించాను, ఇప్పుడూ వ్యతిరేకిస్తాను. కాని వారి కళ్లకు కనిపించేది మనకు కావాలి. శిక్ష పేరు చెబితే వారు రోగిని దాచిపెడతారు.

పోలియో విషయంలో మన దేశం ఈ సత్యాన్ని గ్రహించింది. పదిహేనేళ్ల లోపు బిడ్డకు హఠాత్తుగా కాలో చెయ్యో పడిపోతే తెలియజేయమని వైద్యులతో పాటు నాటు వైద్యులను, డిగ్రీ లేని చికిత్సకులను కూడా సమాచార వలయంలో చేర్చుకున్నారు. నిఘా అధికారులు వారి గుమ్మం దాకా వెళ్లి, పలకరించి, మళ్లీ మళ్లీ అడిగారు. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు లేదు. 2016లో హైదరాబాదు మురుగునీటి నమూనాలో టీకా నుండి రూపాంతరం చెందిన టైపు 2 పోలియో వైరస్ కనిపించినప్పుడు, కాలు పడిపోయిన బిడ్డ ఒక్కరు కూడా లేకపోయినా, జూన్ 20 నుండి దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు ప్రత్యేకంగా ఇంజెక్షన్ టీకా వేశారు. ఒక సీసాడు మురుగునీరు ఇచ్చిన సమాచారానికి నగరం అలా కదిలింది. ఆ నగరమే, తొమ్మిదేళ్ల పాప పేరుతో అచ్చయిన కాగితానికి కదలలేకపోయింది.

ఇక క్షయ. ఇక్కడ మౌనానికి కారణం వేరు, దాన్ని తేలికగా కొట్టిపారేయలేను. ‘పేరు నమోదైతే పిల్లకు పెళ్లి కాదు, డాక్టరుగారూ’ అని తల్లులు నా ముందు ఏడ్చారు. లాడ్‌బజారుకు గాజులు చేసే ఇరుకు గదిలో దగ్గే కుర్రవాడు తన సంగతి యజమానికి తెలిస్తే పని పోతుందని భయపడతాడు. వైద్యుడు దయతలచి, పేరు రాయకుండా చీటీ మీద మందులు రాసిస్తాడు. ఆ దయ ఎవరి మీద? చికిత్స లేని క్షయ రోగి ఒక ఏడాదిలో పది పదిహేను మందికి వ్యాధిని అంటించగలడు. గాలి ఆడని గదిలో పక్కన కూర్చుని గాజుకు అద్దాలు అతికే మిగిలిన నలుగురు పిల్లల మాటేమిటి? నమోదు చేయడమంటే గోడ మీద పేరు రాయడం కాదు. ఆ వివరాలు క్షయ కార్యక్రమ సిబ్బందికి చేరతాయి, గల్లీ పెద్దలకు కాదు. ఇంటికి వచ్చే సిబ్బంది మాత్రం గుమ్మంలో నిలబడి ‘టీబీ పేషెంటు ఇల్లు ఇదేనా?’ అని కేకవేయకూడదు. అలా వేసినవారిని నేను చూశాను. అలాంటి ఒక్క కేక పదిమంది వైద్యుల నోళ్లు మూయిస్తుంది.

నమోదు చేయని వైద్యుడు రోగికి చేసే మరో నష్టం ఉంది. ప్రైవేటులో చికిత్స పొందినా సరే, నిక్షయ్‌లో నమోదైన రోగికి పోషకాహారం కోసం ప్రభుత్వం నెలకు డబ్బు ఇస్తుంది. 2018లో అది 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1000 రూపాయలు. ఆరు నెలల చికిత్సకు ఆరు వేలు. పేరు రాయకపోతే ఆ ఆరు వేలు రాదు. తెలియజేసినందుకు ప్రైవేటు వైద్యుడికి 500, చికిత్స ఫలితం తెలిపినందుకు మరో 500 కూడా ఇస్తారు. దేశంలో 2023లో నమోదైన 25.5 లక్షల క్షయ కేసులలో దాదాపు మూడవ వంతు ప్రైవేటు రంగం నుండి వచ్చాయి. 2012కు ముందు ఊహించలేని మార్పు ఇది. కనుక కాదని చెప్పేవారు, చేయలేనివారు కారు.

నేను కోరేవి ఎక్కువ కాదు. ప్రతి క్లినిక్కులో, ప్రతి ప్రయోగశాలలో, ప్రతి మందుల దుకాణంలో గోడ మీద, తెలుగులోను, ఉర్దూలోను, తెలియజేయవలసిన వ్యాధుల పేర్లు, జిల్లా నిఘా అధికారి ఫోను నంబరు ఉండాలి. లైసెన్సు ఇచ్చే రోజే ఆ కాగితం ఇవ్వాలి. నర్సులకు, టెక్నీషియన్లకు, ఆశా కార్యకర్తలకు ఏడాదికొకసారి అరపూట శిక్షణ చాలు. ఆ అరపూట ఉపన్యాసం కాకూడదు, ఫోను చేయించి ఫారం నింపించే అభ్యాసం కావాలి. సమాచారం ఇచ్చిన ప్రతివారికీ మూడు రోజుల లోపల ఏమి చేశారో తిరిగి తెలియజేయాలి. చివరిది జరిగితే మిగిలినవి వాటంతట అవే జరుగుతాయని నా నమ్మకం.

అంతవరకు అడిగే పని మీదే. మీ ఇంట్లో ఎవరికైనా క్షయ మందులు మొదలుపెడితే, ‘నిక్షయ్ నంబరు ఇచ్చారా?’ అని అడగండి. ఇవ్వకపోతే 1800 11 6666కు ఉచితంగా ఫోను చేయండి. ప్రయోగశాల మీ చేతికి కాగితం ఇచ్చినప్పుడు, అందులో ఉన్నది అంటువ్యాధి అయితే, కౌంటరు దగ్గర నిలబడే అడగండి: నాకు ఇచ్చారు సరే, ఆరోగ్య శాఖకు ఇచ్చారా? మొదట వింతగా చూస్తారు. మీ వెనుక నిలబడినవారు కూడా అదే అడిగితే చూడరు.